మన బిడ్డను అరెస్టు చేశారు – విడుదల దాకా కుటుంబం, సంఘం తెలుసుకోవలసినవి



కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తల్లి ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. ముందు రోజు రాత్రి వీధిలో జరిగిన గొడవలో ఆమె కొడుకును పోలీసులు తీసుకెళ్లారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, మెకానిక్ షెడ్డులో పని. నేను ఆమెతో కలిసి ప్రార్థన చేశాను. "ఈ రోజు ఆదివారం కదమ్మా, కోర్టులు ఉండవు. రేపు ఉదయం లాయరు గారిని కలుద్దాం" అని చెప్పి పంపేశాను.

నాకు తెలియక చెప్పిన మాట అది. ఆదివారమైనా, పండుగైనా అరెస్టయిన వ్యక్తిని 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. సెలవు రోజుల్లో మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే ఆ పని జరుగుతుంది. ఆ సాయంత్రమే కుర్రాణ్ణి అక్కడికి తీసుకెళ్లారు. అతని తరఫున మాట్లాడేవారు ఒక్కరూ లేరు. రిమాండు పడింది. ఆ వారంలోనే బెయిలు వచ్చినా జామీను పెట్టేవారు దొరకక మొత్తం 23 రోజులు జైల్లో ఉన్నాడు. వందల కుటుంబాలున్న సంఘం మాది.

ఆ తర్వాత నేను లాయర్లను, కోర్టు సిబ్బందిని, జైలుకు వెళ్లి వచ్చిన కుటుంబాలను అడిగి నేర్చుకున్న సంగతులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇవి లాయరు సలహాకు బదులు కావు. లాయరు దొరికేలోపు తెలివితో నడవడానికి మాత్రమే.

మొదటి గంటల్లో

ముందు తెలుసుకోవలసినవి మూడు: ఏ స్టేషన్‌లో ఉన్నాడు, ఏ కేసు, అరెస్టు చేశారా లేక విచారణకు పిలిచారా. 2024 జూలై 1 నుంచి పాత సిఆర్‌పిసి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్ష సంహిత, అంటే బిఎన్‌ఎస్‌ఎస్, అమల్లో ఉంది. దాని ప్రకారం అరెస్టు చేసిన సంగతిని, ఎక్కడ ఉంచారన్న సంగతిని బంధువుకో, స్నేహితుడికో, అతను చెప్పిన మనిషికో పోలీసులు వెంటనే తెలపాలి. అరెస్టయినవారి వివరాలు చెప్పడానికి ప్రతి స్టేషన్‌లోను, జిల్లా కంట్రోల్ రూములోను ఒక అధికారి ఉండాలి. కాబట్టి "మాకు తెలియదు, పొండి" అంటే అక్కడితో ఆగిపోకండి. జిల్లా కంట్రోల్ రూమును అడగండి.

అరెస్టు సమయంలో మెమో రాయాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. అందులో తేదీ, సమయం నిజంగా జరిగినవేనా అని చూసి గాని సంతకం పెట్టకండి. 24 గంటల లెక్క అక్కడి నుంచే. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరూ సంతకం చేయకూడదు. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటుంది. ఆ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు ఇటీవలి తీర్పుల్లో స్పష్టం చేసింది. ఆ కాగితం అడిగి తీసుకోండి. లాయరుకు మొదట కావలసింది అదే.

ఎఫ్ఐఆర్ కాపీ కూడా సంపాదించండి. సున్నితమైన కేసులు తప్ప మిగిలినవాటిని 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. ఇంటర్నెట్ తెలిసిన మన యువకుల్లో ఒకరికి ఈ పని అప్పగిస్తే సరిపోతుంది. నంబరు, సెక్షన్లు రాసుకోండి. ఇకముందు దారి ఆ సెక్షన్లను బట్టే ఉంటుంది.

కొందరి విషయంలో చట్టం మరింత జాగ్రత్త చెప్పింది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. అప్పుడు కూడా మహిళా పోలీసు ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. మూడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే నేరమైతే, అరవై దాటినవారిని, బలహీనులను డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. పద్దెనిమిది నిండని పిల్లవాణ్ణి లాకప్పులో గాని జైల్లో గాని పెట్టకూడదు. అతన్ని బాలల న్యాయ మండలి ముందుకే తీసుకెళ్లాలి. కాబట్టి వయసు రుజువు, అంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్టో, పదో తరగతి మెమోనో వెంటనే చేతికి తెచ్చుకోండి.

స్టేషన్ బెయిల్, నోటీసు

ప్రతి కేసులోనూ జైలు తప్పదని అనుకోకండి. చట్టం నేరాలను బెయిలు ఇవ్వదగినవి, ఇవ్వదగనివి అని రెండుగా విడదీసింది. మొదటి రకంలో బెయిలు హక్కు. స్టేషన్ ఆఫీసరే పూచీకత్తు తీసుకుని వదలాలి. మన ఊళ్లల్లో స్టేషన్ బెయిల్ అనేది దీన్నే. ఇది ఎవరికో కట్టే ఫీజు కాదు. పిలిచినప్పుడు వస్తానని రాసిచ్చే బాండు మాత్రమే. జామీను పెట్టే స్తోమతు లేక వారం గడిచిపోతే, అతన్ని పేదవాడిగా భావించి సొంత బాండు మీదే వదలాలని చట్టం చెబుతుంది.

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలి. అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. జనం నోట ఇంకా 41ఏ నోటీసుగానే ఉన్న దీన్ని ఇప్పుడు బిఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షను కింద ఇస్తారు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. నోటీసు వస్తే భయపడి ఊరు విడిచి పోకండి. వెళ్లి హాజరైతే అరెస్టు తప్పవచ్చు. తప్పించుకు తిరిగితే అదే అరెస్టుకు కారణమవుతుంది.

అరెస్టు చేస్తారన్న భయం ముందే ఉంటే సెషన్స్ కోర్టులో గాని హైకోర్టులో గాని ముందస్తు బెయిలు అడగవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో మాత్రం ఈ దారిని చట్టమే మూసివేసింది. ప్రథమ దృష్టికి ఆ నేరమే కనబడని కేసుల్లో తప్ప కోర్టులు ముందస్తు బెయిలు ఇవ్వవు.

మేజిస్ట్రేటు ముందు

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. నేను పోగొట్టిన అవకాశమూ ఇదే. ఇక్కడ రిమాండు యాంత్రికంగా జరగకూడదు. అరెస్టు అవసరమా, కారణాలు చెప్పారా, 24 గంటలు దాటాయా, కొట్టారా అన్నవి మేజిస్ట్రేటు చూడాలి. ఒంటి మీద దెబ్బలుంటే అక్కడే చెప్పమని మీవాడికి చెప్పండి. షుగరు, ఫిట్స్, గుండె జబ్బు, మానసిక సమస్య ఉంటే మందుల చీటీలతో సహా లాయరు ద్వారా తెలియజేయండి. అది రికార్డులోకి ఎక్కితే జైలు డాక్టరు పట్టించుకోక తప్పదు.

లాయరును పెట్టుకునే స్తోమతు లేదా? కస్టడీలో ఉన్న ఏ వ్యక్తికైనా, ఆదాయం ఎంతన్నది చూడకుండా, ఉచిత లాయరు హక్కుగా దొరుకుతాడు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు కూడా అంతే. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఇది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోను జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోను నంబరు 15100. ఈ నంబరును మీ సంఘం నోటీసు బోర్డు మీద ఈ వారమే రాయించండి. 24 గంటలు దాటినా హాజరు పరచకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయవచ్చు.

బెయిలు పిటిషను

రిమాండు పడితే మామూలుగా 14 రోజులకు పంపుతారు. ఆ పద్నాలుగు రోజులూ ఆగనక్కర్లేదు. వెంటనే బెయిలు పిటిషను వేయవచ్చు. ప్రాసిక్యూటరు పోలీసుల వాదన చెబుతారు, మన లాయరు జవాబిస్తారు. కోర్టు ముఖ్యంగా చూసేవి నాలుగు: నేరం ఎంత తీవ్రమైనది, మనిషి పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, పాత కేసులున్నాయా. కాబట్టి లాయరుకు కథలు కాదు, కాగితాలు ఇవ్వండి. సొంత ఇల్లు లేదా అద్దె పత్రం, ఉద్యోగ ధ్రువపత్రం, పిల్లల స్కూలు రసీదులు, రేషన్ కార్డు, ఆసుపత్రి కాగితాలు – ఈ మనిషి ఈ ఊరికి కట్టుబడినవాడని చెప్పేవన్నీ పనికి వస్తాయి.

మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాల్లో మేజిస్ట్రేటు సాధారణంగా బెయిలు ఇవ్వరు. సెషన్స్ కోర్టుకు వెళ్లాలి. అయితే స్త్రీలకు, పిల్లలకు, రోగులకు, బలహీనులకు ఆ నిబంధన నుంచి సడలింపు ఉంది. గంజాయి కేసుల్లో పట్టుబడిన సరుకు ఎక్కువైతే బెయిలు చాలా కష్టం. ఈ మాట మన యువకులకు ముందే చెప్పాలి. స్నేహితుడి సంచీ మోసినందుకు ఏళ్లు పోగొట్టుకునేవారున్నారు. ఒక కోర్టు కాదంటే పై కోర్టు ఉంది. పరిస్థితులు మారితే అదే కోర్టులో మళ్లీ వేయవచ్చు.

మరచిపోకూడని తేదీలు రెండున్నాయి. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగిలినవాటిలో 60 రోజుల లోపు పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కొన్ని ప్రత్యేక చట్టాల్లో ఈ గడువు ఇంకా ఎక్కువ. అయితే అది దానంతట అది రాదు. ఛార్జిషీటు పడకముందే పిటిషను వేయాలి. రిమాండు తేదీని క్యాలెండరు మీద రాసి రోజులు లెక్కపెట్టండి. రెండవది, విచారణ సాగుతూనే ఉండి, మొదటిసారి కేసులో ఇరుక్కున్న ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం, ఇతరులు సగం కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవారికి ఇది వర్తించదు.

బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

చాలా కుటుంబాలు ఇక్కడే చతికిలబడతాయి. బెయిలు ఉత్తర్వు వచ్చినంత మాత్రాన జైలు తలుపు తెరుచుకోదు. ఫలానా మొత్తానికి ఇద్దరు జామీనుదారులు కావాలని ఉత్తర్వులో ఉంటుంది. వారు కోర్టుకు వచ్చి ఆధార్, ఫొటోలతో పాటు ఆస్తి చూపాలి. ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాసు పుస్తకం, తహశీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్టు, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్టు – ఏ కోర్టు ఏది అడుగుతుందో లాయరు గుమస్తాను ముందే అడగండి. జామీను అంగీకరించాక విడుదల ఉత్తర్వు జైలుకు వెళ్తుంది. సాయంత్రం జైలు మూసే వేళ దాటితే మరునాడు ఉదయమే విడుదల. అందుకే బెయిలు పిటిషను వేసిన రోజే జామీనుదారుల కాగితాలు సిద్ధం చేసుకోవాలి, ఉత్తర్వు వచ్చాక కాదు.

జామీనుదారులు దొరకకపోతే? 1978లో మోతీరామ్ అనే తాపీపని చేసే మనిషి విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. పది వేల రూపాయల జామీను అడిగారు. వేరే జిల్లాలో ఆస్తి ఉందని అతని అన్నదమ్ముని జామీనును కాదన్నారు. జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టారు. ఎక్కడో దూర ప్రాంతంలో అరెస్టయిన ఒక మలయాళీ, ఒక తెలుగువాడు ఆ ఊళ్లో ఆస్తిపరుడైన జామీనుదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని ప్రశ్నించి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలించారు. వలస పనికి వెళ్లి ఇతర రాష్ట్రాల్లో చిక్కుకున్న మనవారి లాయరుకు ఈ తీర్పు గుర్తుచేయండి.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరికొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిలు ఉత్తర్వు కాపీ ఈమెయిలు ద్వారా జైలుకు వెళ్లాలి. వారంలో విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెల దాటినా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తానే చూడవచ్చు. జామీను మొత్తం తగ్గించమని, జామీనుకు బదులు నగదు డిపాజిట్టు అనుమతించమని కూడా పిటిషను వేయవచ్చు. డిపాజిట్టు కడితే రసీదు భద్రంగా దాచండి. పేద ఖైదీలకు సాయపడే కేంద్ర ప్రభుత్వ పథకం 2023 నుంచి ఉంది. దాని గురించి న్యాయ సేవాధికార సంస్థలోనే అడగాలి.

జామీను ఉండాలా, వద్దా?

సంఘంలో ఈ ప్రశ్న తప్పక వస్తుంది. పరాయివారికి పూటపడవద్దని సామెతల గ్రంథం పలుమార్లు హెచ్చరిస్తుంది కదా అని మా పెద్దలు అన్నారు. నిజమే. ఆ హెచ్చరిక వెనుక ఉన్న ప్రమాదం నేటికీ ఉంది. నిందితుడు వాయిదాకు రాకుండా పోతే బాండు జప్తవుతుంది, జామీనుదారుడు ఆ మొత్తం కట్టాలి. కట్టకపోతే జరిమానాలా వసూలు చేస్తారు. అదీ వసూలు కాకపోతే ఆరు నెలల వరకు సివిల్ జైలు కూడా ఉండవచ్చు. అందుకే సంతకం పెట్టేముందు మనిషిని ఎరిగి ఉండాలి. మొత్తం ఎంతో తెలిసి ఉండాలి. నష్టపోయినా తట్టుకోగలనా అని ఇంట్లో భార్యతోనో భర్తతోనో మాట్లాడాలి. మధ్యలో నమ్మకం పోతే జామీను నుంచి తప్పించమని కోర్టును కోరవచ్చు. ఆ దారి ఉందని చాలామందికి తెలియదు.

కాని అదే బైబిలులో, అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో, యాసోను ఉన్నాడు. థెస్సలొనీకలో పౌలును, సీలను ఇంట చేర్చుకున్నందుకు అధికారుల ముందుకు ఈడ్వబడి, తోటి సహోదరులతో కలిసి జామీను ఇచ్చి బయటపడ్డాడు. తెలుగు బైబిలులో ఉన్న మాట కూడా జామీనే. ఎరిగిన సహోదరుని కోసం లెక్క చూసుకుని భారం మోయడం వేరు, ఎరుగని వానికి తొందరపడి మాట ఇవ్వడం వేరు. గ్రంథం వద్దన్నది రెండవదానినే అని నా అవగాహన. మా కుర్రాడికి చివరకు జామీను నిలిచింది ఒక రిటైరయిన టీచరమ్మ, ఒక తాపీమేస్త్రి. పెద్ద ఇళ్లున్నవారు ముందుకు రాలేదు. పాస్టరేజీలో ఉండే నాకు చూపడానికి సొంత ఇల్లు లేదు. కాని మొదటి రోజే ఇంటింటికీ వెళ్లి అడగవచ్చు. అడగలేదు.

హక్కులు అడగడం విశ్వాసలోపం కాదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసినందుకు పౌలు తన రోమా పౌరసత్వాన్ని అధికారులకు గుర్తుచేశాడు.

మోసగాళ్లు

ఆపదలో ఉన్న ఇంటిని మొదట పసిగట్టేది దళారి. "ఎస్సై గారు నాకు తెలుసు, జడ్జి గారు నాకు తెలుసు" అని డబ్బు అడిగేవాణ్ణి గుమ్మంలోనే ఆపండి. డబ్బుకు జామీను నిలబడే అద్దె మనుషులతో పెట్టుకోకండి. వారి కాగితాలు దొంగవని తేలితే బెయిలు పోవడమే కాదు, కొత్త కేసు కూడా పడుతుంది. ఇప్పుడు మరో రకం వచ్చింది. "మీ అబ్బాయిని డిజిటల్ అరెస్టు చేశాం, ఫోను పెట్టేయకండి, డబ్బు పంపండి" అని వీడియో కాల్ చేస్తారు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేనే లేదు. ఫోను పెట్టేసి అబ్బాయికి చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి.

జైల్లో ఉన్నన్నాళ్లు, బయటికి వచ్చాక

ములాఖత్‌కు గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. రోజులు, వేళలు ఆ జైలునే అడగండి. ఆన్‌లైనులో ఈ-ములాఖత్‌కు నమోదు చేసుకునే వీలూ ఉంది. లోపల ఉన్నవాడికి కేసు సంగతులకన్నా ఇంటి సంగతులు ముఖ్యం. "అమ్మ బాగుంది, పాప స్కూలుకు పోతోంది" అన్న మాట అతన్ని నిలబెడుతుంది. చెరసాలలో ఉన్నవారిని చూడబోవడం ప్రభువు మనకు అప్పగించిన పని. అతను నిర్దోషి అయితేనే వెళ్లమని ఆయన అనలేదు. అలాగే గొడవలో దెబ్బలు తిన్న అవతలి కుటుంబాన్నీ మరువకూడదు. రాజీ పేరుతో వారిని ఒత్తిడి చేయడం పాపమే కాదు, బెయిలు రద్దుకు కారణం కూడా.

విడుదలయ్యాక షరతులు చదివించుకోండి. కొన్ని ఉత్తర్వుల్లో ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం చేయాలని ఉంటుంది. ఆరాధన వేళకు అడ్డొస్తే రోజు మార్చమని కోర్టును కోరండి. మార్చేదాకా సంతకం మాత్రం మానకండి. ఒక్క వాయిదా తప్పినా వారంటు వస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు సీఎన్ఆర్ నంబరు కొడితే తర్వాతి వాయిదా తెలుస్తుంది.

ప్రతి సంఘంలోనూ ముగ్గురిని ఏర్పరచుకోమని నా విన్నపం. ఒక లాయరుతోనో న్యాయ సేవాధికార సంస్థతోనో పరిచయం ఉన్నవారు ఒకరు, కాగితాలు చూడగలిగినవారు ఒకరు, ఆ ఇంటికి వెళ్లి కూర్చోగలిగినవారు ఒకరు. జామీను నిలువగల కుటుంబాలేవో వారు ముందే మాట్లాడి తెలుసుకోవాలి.

ఆ కుర్రాడు ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాడు. కేసు తర్వాత కొట్టివేశారు. ఒకసారి అతన్ని అడిగాను, లోపల అన్నిటికన్నా కష్టమేమిటని. దోమలో, తిండో అంటాడనుకున్నాను. "బెయిలు వచ్చిందని చెప్పాక గడిచిన రోజులు అయ్యగారూ. రోజూ సాయంత్రం పేర్లు పిలిచేవారు. నాది పిలవలేదు" అన్నాడు.

మీ సంఘంలో ఎవరి పేరూ అలా మిగిలిపోకుండా చూడండి.